మిగులు బలం

వాన ఆగగానే ఈరోజు ఫ్రీమాంట్‌లో నిలబడి నడిపే నా రెండు ఎలక్ట్రిక్ ఒంటిచక్రం బండ్లనూ బయటికి తీశాను. ఇన్‌మోషన్ వి11: 84 వోల్టులు, 27 కిలోలు, ఎయిర్ సస్పెన్షన్. వెటరన్ షెర్మన్: 100.8 వోల్టులు, 3200 వాట్-అవర్ బ్యాటరీ, 35 కిలోలు, సస్పెన్షన్ లేదు.

గతుకుల్లో వి11 మీద మోకాళ్ళకు ఎంతో హాయి. అయినా నా మనసు షెర్మన్ వైపే. వేగం కోసం కాదు. ఈ బండి మీద మనల్ని నిలబెట్టేది మోటారే. వేగం పెరిగేకొద్దీ, చార్జింగ్ దిగేకొద్దీ దానిలో మిగిలే బలం తగ్గిపోతుంది. అది అయిపోతే బండి ఒక్కసారిగా ముందుకు వాలుతుంది, పట్టుకోవడానికి హ్యాండిల్ కూడా ఉండదు. పోయినేడాది నా పాత బండి మీద 20 శాతం చార్జింగ్‌తో ఎత్తు ఎక్కబోయి అలాగే పడ్డాను. రిస్ట్ గార్డులు ఉండబట్టి చేతులు దక్కాయి. అప్పటినుంచి పవర్ అంటే నాకు స్పీడు కాదు, గుంతకీ బ్రేకుకీ దాచిపెట్టుకున్న బలం.

బండిని మోసుకుని మెట్లు ఎక్కాల్సిన రోజు మాత్రం, తేలిక కాబట్టి, వి11నే తీసుకెళ్తాను.

బయలుదేరే ముందు అమ్మ ఫోన్ చేసింది. "హెల్మెట్ పెట్టుకున్నావా నాన్నా?" ఫుల్ ఫేస్ హెల్మెట్‌తో ఫోటో పంపాకే కదిలాను.