పుదుపేట మేస్త్రి

చెన్నైకి కారులో వెళ్లడం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. ఒంగోలు నుంచి దాదాపు 290 కిలోమీటర్లు. రోడ్డు బాగానే ఉంటుంది కానీ, ఆ టోల్ గేట్లకు పోసే డబ్బుతో ముగ్గురం రైల్లో హాయిగా వెళ్లవచ్చు. చెల్లెలి పెళ్లి బట్టలతో పాటు ఇత్తడి సామాను కూడా తెచ్చుకోవాలని అమ్మ పట్టుబట్టడంతో కారు తీయక తప్పలేదు.

దిగింది పశ్చిమ మాంబళంలో పెద్దమ్మ ఇంట్లో. ఆ వీధుల్లో ఏ ఇంటికీ కారు పెట్టుకునే చోటు ఉండదు. వాననీటి కాలువ పక్కన, చెత్తకుండీకి నాలుగడుగుల దూరంలో ఖాళీ కనిపిస్తే అక్కడే ఆపాం. స్టేషన్ వంతెన దాటితే బట్టల దుకాణాలుండే రంగనాథన్ వీధే కాబట్టి మళ్లీ కారు కదిపే పని పడలేదు. కార్తీక మాసం వానలు ఆగకుండా కురిశాయి. బట్టల బేరాల గురించి చెప్పుకోదగినది ఏమీ లేదు.

బయలుదేరే రోజు ఉదయం తాళం తిప్పితే స్టార్టర్ తిరిగింది కానీ ఇంజిన్ అందుకోలేదు. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ పక్కనంతా రంగురంగుల ప్లాస్టిక్ పొట్టు. బానెట్ లోపలి దూది పొరను పీకి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద గూడు కట్టింది ఎలుక. గూట్లో కొబ్బరి పీచు, ఇడ్లీ పొట్లం తాలూకు అరిటాకు ముక్క. ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లకు వెళ్లే వైర్లలో రాగి తీగ తళతళా మెరుస్తోంది. గూడు తీసేయబోతే పెద్దమ్మ గట్టిగా అరిచింది. "ఒట్టి చేతులతో ముట్టుకోకు నాయనా, ఎలుక మూత్రంతో జ్వరాలొస్తాయి" అని ప్లాస్టిక్ సంచి తెచ్చి చేతికి తొడిగింది. ఆవిడ చెప్పింది లెప్టోస్పైరోసిస్ గురించే. వానాకాలం చెన్నైలో ఆ భయం ఊరికే పుట్టింది కాదు.

లాగుడు బండి పిలిచి సర్వీసు సెంటరుకు పట్టుకెళ్లాం. అక్కడి అబ్బాయి ఫోనుతో ఫొటోలు తీసుకుని, కంప్యూటర్లో చూసి, ఇంజిన్ వైరింగ్ కిట్ మొత్తం మార్చాలన్నాడు. రూ.48,000. కిట్ రావడానికి పది రోజులు పడుతుంది. తెగినవాటినే అతకవచ్చు కదా అంటే, అతకడం తమ పద్ధతి కాదన్నాడు. "బీమా ఉంది కదా సార్, మీ జేబులోంచి పోయేదేముంది" అన్నాడు మర్యాదగానే. ఆ మాటకే నాకు ఒళ్లు మండింది. సమగ్ర బీమాలో ఎలుకల నష్టానికి చాలావరకు డబ్బు వస్తుంది, నిజమే. తప్పనిసరిగా మనం భరించాల్సింది 1500 సీసీ లోపు కారుకు రూ.1,000. కానీ క్లెయిమ్ పెడితే, ఏళ్ల తరబడి క్లెయిమ్ లేకుండా 50 శాతం దాకా పెంచుకున్న ప్రీమియం తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, పోతుంది. అదీ పక్కన పెట్టండి. ఎవరో ఒకరు డబ్బు కడతారు గనుక బాగుపడే వస్తువును తీసి పారేయవచ్చుననే ఆలోచనే నాకు మింగుడుపడదు.

పెద్దమ్మ కొడుకు "పుదుపేట వెళ్దాం అన్నా" అన్నాడు. అమ్మ వద్దంది. పాత ఇనుము బజారులో కొత్త కారు బాగుచేయించడమేమిటని ఆవిడ బెంగ.

పుదుపేట ఎగ్మూరుకు ఆనుకొని, కూవం నది పక్కనే ఉంటుంది. వీధికి రెండువైపులా విప్పేసిన కార్ల తలుపులు, బంపర్లు, అద్దాలు, గుత్తులు గుత్తులుగా వేలాడే వైర్లు. వాటి మధ్య పెట్టెంత దుకాణంలో మా మేస్త్రి. అరవై దాటి ఉంటాయి. తాతల నాడే గూడూరు వైపు నుంచి వచ్చారట. ఆయన తెలుగులో తమిళపు సాగదీత ఉన్నా ఒక్క మాట కూడా వెతుక్కోలేదు.

ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి పక్కకు తప్పించాడు. తర్వాత, తెగిన చోటు నుంచి జానెడు దూరం వరకు టేపు విప్పుకుంటూ పోయాడు. "కనబడిన గాటు ఒక్కటే గాటు అనుకోకూడదు సార్. ఇవి చూడండి" అన్నాడు. టేపు కింద మరో రెండు వైర్లకు పైతొడుగు మాత్రమే పోయింది, రాగి తెగలేదు. అవి ఈరోజు పనిచేస్తాయట. ఎప్పుడో వానలో ఒకదానికొకటి తగిలి, నడిరోడ్డు మీద బండిని ఆపేస్తాయట.

పక్క దుకాణంలో మా కారు మోడలుదే విప్పేసిన వైరింగ్ దొరికింది. అందులోంచి వైర్లను బిగించే కప్లర్‌తో సహా కావలసినంత ముక్క కోసుకొచ్చాడు, రూ.300. గోధుమ రంగు మీద నీలి చార ఉన్న వైరుకు సరిగ్గా అదే చార ఉన్న వైరు కలిపాడు. రేపు ఇంకో మేస్త్రి బానెట్ ఎత్తితే తికమకపడకూడదట. ప్రతి వైరుకూ ముందే స్లీవు తొడిగి, పోగులు మెలిపెట్టి, టంకం పోసి, స్లీవును వేడిచేసి బిగించాడు. అతుకులన్నీ ఒకేచోట పడకుండా మెట్లు మెట్లుగా జరిపాడు. ఒట్టి టేపు చుడితే ఈ సముద్రపు గాలికి రాగి పచ్చబారిపోతుందన్నాడు. చివర మీటరు పెట్టి ఒక్కో వైరూ మోగించి చూసుకున్నాడు. మధ్యలో రెండుసార్లు టీ వచ్చి చల్లారిపోయింది. ఆయన తల ఎత్తలేదు.

వైర్లలో తినడానికి ఏముందని అడిగాను. "ఆకలికి కాదు సార్. వాటి ముందుపళ్లు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరికి అరగదీసుకోవాలి. మీ ఇంజిన్ వెచ్చగా దొరికింది" అన్నాడు. మా పొలంలో ఎలుకలు పడితే నాన్న యానాదులను పిలిపించేవాడు. గడ్డి కుక్కిన కుండ కన్నానికి ఆనించి, పొగ ఊది, ఎలుకను పట్టేవాళ్లు. కన్నం తవ్వి, అది దాచుకున్న వడ్లు తీసుకెళ్లేవాళ్లు. ఏ గట్టు కింద ఎన్ని దారులున్నాయో వాళ్ల చేతులకు తెలుసు. ఈయన వేళ్లు టేపు కింద వెతుకుతుంటే వాళ్లే గుర్తొచ్చారు.

మాది ఒంగోలని తెలిసి, "మందు మీ ఊళ్లోనే ఉంది, బానెట్‌లో పొగాకు కాడలు పెట్టండి" అన్నాడు. పెట్టాను. కానీ ఆ ఘాటు ఎన్నాళ్లో నిలవదు, మార్చుతూ ఉండాలి. హోండా కంపెనీ ఏకంగా మిరపలోని మంట కలిపిన టేపే అమ్ముతోంది. వీటన్నిటికన్నా కాలువ పక్కన, చెత్త పక్కన ఆపకపోవడం, రోజూ ఒకసారి కారు కదపడం మేలని నా నమ్మకం.

ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంది. కారు కంప్యూటర్లో నమోదైన పాత లోపాల గుర్తులను స్కానరుతో చెరిపేసి, మొత్తం రూ.4,500 అన్నాడు. బేరమాడదామని అమ్మ నోరు తెరవబోతే నేనే ఆపి ఐదువేలు ఇచ్చాను. ఐదొందలు తిరిగి ఇచ్చేశాడు.

నాయుడుపేటలో టీకి ఆగినప్పుడు సర్వీసు సెంటరు నుంచి ఫోను, కిట్ ఆర్డరు పెట్టమంటారా అని. బండి బాగైందని, ఎంతయిందో చెప్పాను. ఆ అబ్బాయి కాసేపాగి, ఆ మేస్త్రి దుకాణం పుదుపేటలో ఎక్కడని అడిగాడు. గుర్తులన్నీ చెప్పి, ఒకసారి వెళ్లి ఆయన పని చూసి రమ్మన్నాను.