జాకెట్ సీటు కిందే ఉండిపోయింది

పడవ తిరగబడి మూడు నెలలైంది. ఇన్నాళ్లూ దీని గురించి రాయలేకపోయాను, రాద్దామని కూర్చున్నప్పుడల్లా ముందు ఆ చప్పుడే చెవిలో పడేది, బోర్లాపడ్డ పడవ కిందనుంచి గాలి బుడబుడమంటూ బయటికొచ్చే చప్పుడు. నిన్న తెలిసినాయన ఒకరు "లైఫ్ జాకెట్లు ఎప్పుడూ పడవలోనే ఉంటాయండీ, ఏదైనా అయితే అప్పుడు వేసుకుంటాం" అన్నారు. అది విన్నాక ఇంక ఊరుకోబుద్ధి కాలేదు.

ఆ రోజు పడవలో ముగ్గురం. నేను, నా ఫ్రెండ్, వాడి అన్న. 14 అడుగుల ఫైబర్ పడవ, వెనక చిన్న మోటారు. సరస్సు పెద్దదే కానీ పొద్దున అలన్నది లేదు. గాలాలు వేసుకుని కూర్చుందామని లంగరు దించాం, అదీ వెనకవైపు నుంచి, తాడు అక్కడ చేతికి అందుతోందని. మేం మునగడానికి సగం కారణం అదే. చిన్న పడవకి వెనకభాగం అసలే ఎత్తు తక్కువ, మోటారు బిగించేచోట అంచు ఇంకా కిందికి ఉంటుంది, పైగా మోటారు బరువూ మనుషుల బరువూ అక్కడే పడుతుంది. ముందువైపు నుంచి లంగరు వేస్తే పడవ గాలికి ఎదురు తిరిగి నిలబడుతుంది, అల వచ్చినప్పుడు ముందుభాగం లేచి దాన్ని దాటేస్తుంది. వెనకనుంచి వేస్తే తాడు పడవని లేవనివ్వదు, అల తిన్నగా లోపలికొస్తుంది. ఈ సంగతి అప్పటికి మా ముగ్గురిలో ఎవరికీ తెలీదు.

మధ్యాహ్నం దాటాక గాలి లేచింది. ఒక అల లోపలికొచ్చింది, వెనకే ఇంకోటి. చూడ్డానికి ఎక్కువేం కాదు, చీలమండలు తడిసేంత. కానీ పడవలో చేరిన నీళ్లు ఒకచోట ఉండవు. అన్న లంగరు లాగుదామని లేచి ఒక పక్కకి వంగాడు, పడవ అటు ఒరిగింది, లోపలున్న నీళ్లన్నీ ఒక్కసారిగా అటే పరిగెత్తాయి, అంతే. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేలోపు నీళ్లలో ఉన్నాం.

నీళ్లు చాలా చల్లగా ఉన్నాయి. పైకి తేలాక మొదట తెలిసింది చలి కూడా కాదు, ఊపిరి నా మాట వినడం లేదని. ఎక్కిళ్లలాగా లోపలికే లాగుతోంది, వదలడం కుదరడం లేదు. చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే ఒంటికి ఇలాగే అవుతుందట, ఈత ఎంత బాగా వచ్చినా సరే. ఆ మొదటి ఊపిరి లాగినప్పుడు తల నీళ్లలోపల ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీళ్లే వెళతాయి. కెనడాలో మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1-10-1 అని చెబుతారు: మంచులాంటి నీళ్లలో పడితే ఊపిరి కుదుటపడడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ మాట వినేది పది నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి దాదాపు గంట. మా సరస్సు నీళ్లు అంత చల్లవి కావు. అయినా ఆ మొదటి నిమిషంలో నా మొహాన్ని నీళ్ల పైన ఉంచింది జాకెట్టే, నేను కాదు.

జాకెట్లు మూడూ పడవలో ఉన్నాయి. నేనూ ఫ్రెండూ వేసుకున్నాం. అన్న మాత్రం గాలం విసరడానికి అడ్డొస్తోందని ఒక గంట ముందు విప్పి సీటు కింద పెట్టాడు. మా ముగ్గురిలో బాగా ఈదగలిగింది ఆయనే. దగ్గుతూ పైకొచ్చి, ఊపిరి కాస్త అందగానే జాకెట్ కోసం పడవ కిందికి మునగబోయాడు. నా ఫ్రెండ్ కాలర్ పట్టుకుని ఆపాడు. తర్వాత పడవని ఒడ్డుకి లాక్కొచ్చాక చూశాం: సీటుకీ పడవ అడుగుకీ మధ్య ఇరుక్కుపోయి ఉంది. పడవ బోర్లాపడగానే అది పైకి తేలబోయింది, పైన పడవ అడుగే ఉంది, అక్కడే అదుముకుపోయింది. తేలే గుణమే దాన్ని అక్కడ బంధించేసింది. పొడి నేల మీద కూడా నేను రెండు చేతులతో గట్టిగా లాగితే గానీ రాలేదు.

నా జాకెట్‌కీ ఒక లోపం ఉంది, తప్పు నాదే. కాళ్ల మధ్యనుంచి తెచ్చి బిగించే పట్టీ పెట్టుకోలేదు. అందుకే నీళ్లలో జాకెట్ చెవులదాకా ఎగదన్నేసింది, ఒక చేత్తో దాన్ని కిందికి లాగి పట్టుకోవాల్సి వచ్చింది. బకిల్ పెడదామని చూశాను. వేళ్లు వంగుతున్నాయి, ఏది పట్టుకున్నానో మాత్రం తెలియడం లేదు. బకిల్ రెండు ముక్కలూ కళ్ల ముందే ఉన్నాయి, ఒకదానికొకటి ఆనుతున్నాయి, లోపలికి దిగడం లేదు. నాలుగైదుసార్లు చూసి వదిలేశాను.

ఒడ్డు దగ్గరే ఉన్నట్టు కనిపించింది. అన్న ఈదేస్తానన్నాడు. "వద్దన్నా, పడవ వదలొద్దు" అని వాడు అరిచిన అరుపు నాకింకా గుర్తుంది. నీళ్ల మీద దూరం కంటికి తెలీదు, మనిషి తలకాయ కంటే బోర్లాపడ్డ పడవ చాలా దూరం నుంచి కనిపిస్తుంది. పడవ అడుగు నున్నగా ఉంది, పట్టు దొరకలేదు, లంగరు తాడు మిగిలిన కొసని దానిమీంచి అవతలికి విసిరి, నేనో పక్క వాడో పక్క పట్టుకుని, అన్నని వీలైనంత పైకి ఎక్కించాం. నీళ్లు గాలికంటే పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి, ఛాతీ దాకా బయట ఉన్నా మేలే.

ఫోన్లు మూడూ ఒకే బ్యాగులో, బ్యాగు పడవ కింద. అరిచి అరిచి గొంతు పోయింది. అప్పుడు నా జాకెట్ భుజానికి దారంతో కట్టి ఉన్న నారింజరంగు విజిల్ కంటపడింది. మూడుసార్లు ఊది ఆగడం, మళ్లీ మూడుసార్లు. దాదాపు నలభై నిమిషాలకి ఒక పడవ మావైపు తిరిగింది. అలల మధ్య తనకేమీ కనపడలేదని, ఈల విని అది ఎటునుంచి వస్తోందో వెతుక్కుంటూ వచ్చానని ఆ పడవాయన చెప్పారు. ఆయన చేయి నా చేతికి తగలడం తెలిసింది, పట్టుకోవడం మాత్రం నావల్ల కాలేదు, జాకెట్ పట్టుకునే పైకి లాగారు.

ఒడ్డుకి చేరాక చాలా చదివాను. అమెరికా కోస్ట్ గార్డ్ 2022 లెక్కల్లో, పడవ ప్రమాదాల్లో మునిగి చనిపోయినవాళ్లలో 85 శాతం మంది లైఫ్ జాకెట్ వేసుకోలేదని ఉంది. వాళ్లలో ఎంతమందికి జాకెట్ పక్కనే, సీటు కిందే ఉందో అని ఆ అంకె చూసినప్పుడల్లా అనిపిస్తుంది. జాకెట్ మీద, అది మనిషిని ఎంత బలంగా తేలుస్తుందో చెప్పే ఒక అంకె న్యూటన్లలో ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది. 50 అంటే ఈత వచ్చి, సాయం దగ్గర్లో ఉన్నవాళ్లకి. 150 అయితే స్పృహ లేని మనిషిని కూడా చాలావరకు వెల్లకిలా తిప్పుతుంది, బరువైన బట్టలుంటే ఆ తిప్పడం కష్టమే. గాలి నింపుకునే రకమైతే లోపల గ్యాస్ సిలిండర్ గట్టిగా బిగించి ఉందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి. ఇప్పుడు నా ఫోన్ నీళ్లు చొరని కవర్లో మెడలోనే ఉంటుంది. ఆపదలో ఉన్నామని 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న బీకన్ ఒకటి కూడా కొన్నాను, అదీ బ్యాగులో కాదు, జాకెట్‌కే తగిలించి ఉంటుంది.

పోయిన ఆదివారం మళ్లీ వెళ్లాం. మొదట్లో చాలా టెన్షన్ పడ్డాను. అన్న పడవ ఎక్కకముందే, నేల మీదే జాకెట్ వేసుకుని పట్టీలన్నీ బిగించుకున్నాడు. తర్వాత ఏమీ మాట్లాడకుండా నా దగ్గరికొచ్చి, కాళ్ల మధ్య పట్టీ బకిల్ పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగి చూశాడు.