బీరువాలో కిలోమీటరు

మన కాలేజీ ఈసీఈ బ్లాకులో కమ్యూనికేషన్స్ ల్యాబ్ చివర ఒక ఇనప బీరువా ఉండేది, గుర్తుందా? తాళంచెవి ఎప్పుడూ సార్ జేబులోనే. ఏడాదికి ఒక్కసారి, అదీ ఫైనలియర్ వాళ్ళకే తెరిచేవారు. లోపల పాత తువ్వాల్లో చుట్టి ఆప్టికల్ ఫైబర్ చుట్ట, అంటే వెలుగుని మోసే సన్నటి గాజుపోగు. అట్టముక్క మీద ఆయన చేతిరాతతో ‘1 కి.మీ.’ అని ఉండేది. “తొక్కారంటే మీ నాన్నలు పొలాలు అమ్ముకోవాలి” అని బెదిరించి మరీ బయటికి తీసేవారు.

1994లో మా వంతు వచ్చింది. ఒక కొసన ఎర్ర లేజర్ పెట్టారు. రెండో కొస గోడకి చూపిస్తే ఆవగింజంత ఎర్ర చుక్క. మేం చప్పట్లు కొట్టబోతుంటే ఆయన బోర్డు దగ్గరికి నడిచారు. వెలుగు ఎంత తగ్గిందో కొలిచే డెసిబెల్ అంటే మాకు హడల్ అని తెలుసు, అందుకే లాగరిథమ్ జోలికి పోలేదు. డబ్బు లెక్కలో చెప్పారు.

ఈ కొసన వంద రూపాయల వెలుగు పోశామనుకోండి. 1960ల్లో దొరికే గాజుపోగులో ఇరవై మీటర్లు పోయేసరికి రూపాయి మిగిలేది. తప్పు గాజుది కాదు, అందులోని ఇనుము లాంటి మలినాలది అన్నారు చార్లెస్ కావో, జార్జ్ హాకమ్, 1966లో, ఇంగ్లండులోని హార్లోలో కూర్చుని. కిలోమీటరు తర్వాత ఒక్క రూపాయి మిగిలినా టెలిఫోన్లు నడపొచ్చని వాళ్ళ లెక్క. 1970లో అమెరికాలో కార్నింగ్ కంపెనీకి చెందిన మౌరర్, కెక్, షుల్ట్జ్ రెండు రూపాయలు మిగిల్చి చూపించారు. 1979కి జపాన్ వాళ్ళు తొంభై అయిదు మిగిల్చారు. “పదమూడేళ్ళలో రూపాయి నుంచి తొంభై అయిదు! మీకు సర్క్యూట్స్ పేపరు గట్టెక్కడానికే మూడేళ్ళు” అని సుద్దముక్క కింద పెట్టారు. ఆ మూడేళ్ళవాణ్ణి నేనే.

కాలేజీ నుంచి బయటపడ్డాక దొరికిన ఉద్యోగం హైవే పక్కన. అయిదున్నర అడుగుల గోతి, అందులో పైపు, పైపులో కేబులు. దాని స్ప్లైసింగ్, అంటే పోగుల కొసలు అతకడం, మా పని. ‘బ్లూ, ఆరంజ్, గ్రీన్, బ్రౌన్, స్లేట్’ అంటూ పోగుల రంగులు ఎక్కంలా వల్లె వేసేవాళ్ళం. పోగు మందం 125 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), అందులో వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లే. పైపూత గీకి, స్పిరిట్‌తో తుడిచి, పోగు కోసే క్లీవర్‌లో పెట్టి నొక్కితే ‘టిక్’ మనేది. ఆ చప్పుడులోనే తెలిసిపోయేది కొస నున్నగా విరిగిందో లేదో. అతికే మెషిన్ తెర మీద అతుకులో నష్టం 0.02 డెసిబెల్ అని కనిపిస్తే టీ, 0.1 కనిపిస్తే మళ్ళీ మొదటికి. ఒకసారి పెట్రోమాక్స్ వెలుతురులో స్లేటు పోగుని తెల్లదానికి అతికేశాను. తెల్లారాక అటు ఎక్స్ఛేంజీ వాళ్ళు సిగ్నల్ లేదని, ఇటు వాళ్ళు పంపిస్తూనే ఉన్నామని గొడవ. మళ్ళీ జీపెక్కి అదే గోతి దగ్గరికి. మా అమ్మ పక్కింటివాళ్ళతో “ఇంజినీరేనమ్మా, రోడ్డు పక్కన వైర్లు అతికిస్తాడు” అనేది. అబద్ధం కాదు కదా!

తర్వాత బెంగళూరు వెళ్ళి ట్రాన్స్‌మిషన్ పరికరాల పనిలో పడ్డాను. అప్పటికి ఆట మారిపోయింది. 1987లో సౌతాంప్టన్‌లో డేవిడ్ పేన్ బృందం, బెల్ ల్యాబ్స్‌లో డెసుర్విర్ వాళ్ళు ఎర్బియం అనే లోహం కలిపిన ఫైబర్‌తో వెలుగుని వెలుగుగానే పెంచే యాంప్లిఫయర్ చేశారు. దాంతో ఒకే పోగులో పదుల రంగులు, ఒక్కో రంగులో ఒక్కో సిగ్నల్ పంపి, అన్నిటినీ ఒకేసారి పెంచే వీలు దొరికింది.

ఇక్కడే నాకు బాగా ఇష్టమైన కథ. వెలుగు తునకలో రకరకాల రంగులుంటాయి, ఒక్కోదాని వేగం ఒక్కోటి. దూరం పోయేకొద్దీ, పెళ్ళి ఊరేగింపులో బాజాలవాళ్ళు ముందు, ముసలివాళ్ళు వెనక అయినట్టు, తునక సాగిపోతుంది. ఇదే డిస్పర్షన్. దాన్ని సున్నా చేసిన ఫైబర్ తయారుచేసి అందరూ సంబరపడ్డారు. తీరా రంగులు పెంచి పంపితే, ఒకే వేగంతో పక్కపక్కన నడిచే రంగులు కబుర్లలో పడి, లేని రంగుల్ని పుట్టించడం మొదలెట్టాయి. కొంచెం డిస్పర్షన్ ఉండి తీరాలని బెల్ ల్యాబ్స్‌లో ఆండ్రూ చ్రాప్లివీ, రాబర్ట్ ట్కాచ్ తేల్చి, అందుకు తగిన ఫైబర్‌నే రూపొందించారు. 2009లో వాళ్ళకి మార్కోనీ బహుమతి. అదే ఏడు కావోకి నోబెల్. అప్పటికే ఆయనకి అల్జీమర్స్. నోబెల్ ఉపన్యాసం ఆయన తరఫున భార్య ఇచ్చారు.

మా రూట్లలో డిస్పర్షన్‌ని సరిచేయడానికి స్టేషన్ స్టేషన్‌కీ ఒక పెట్టె పెట్టించాను. పెట్టెలో మళ్ళీ కిలోమీటర్ల కొద్దీ ఫైబర్ చుట్ట. 2008లో కెనడా నార్టెల్ ఇంజినీర్లు వెలుగు అలని పూర్తిగా చదివే కొహెరెంట్ రిసీవర్ తెచ్చి, ఆ సరిచేసే పనంతా చిప్‌లో లెక్కగా మార్చేశారు. కొన్నేళ్ళకి ఆ పెట్టెలన్నీ ఊడదీయించమని ఆర్డరొచ్చింది. ఊడదీయించిందీ నేనే. భూమిలో ఉన్న గాజు మాత్రం మేం గోతిలో పెట్టిందే. మొదట్లో ఒక పోగులో సెకనుకి 2.5 గిగాబిట్లు పోయేవి. అదే పోగులో ఇప్పుడు వంద గిగాబిట్లవి ఎనభై రంగులు, అంటే 3,200 రెట్లు. గోతి మళ్ళీ తవ్వింది లేదు, జేసీబీ వాళ్ళు తెంపినప్పుడు తప్ప.

మొన్న మన పూర్వ విద్యార్థుల ఈ సంచిక పని మీద కాలేజీకి వెళ్తే బీరువా అక్కడే ఉంది. చుట్టా ఉంది, తువ్వాలు మారింది. బ్యాగులో ఫైబర్ పొడవు కొలిచే ఓటీడీఆర్ ఉంది కదా అని తగిలించి చూశాను. 870 మీటర్లు! అప్పటికప్పుడు సార్‌కి ఫోన్ చేశాను. రిటైరై రాజమండ్రిలో ఉంటున్నారు.

“సార్, కిలోమీటరు కాదండీ ఇది. నూట ముప్పై మీటర్లు తక్కువ.”

“కొన్నప్పుడు కిలోమీటరేరా. ఏటా మీ వెధవలు కొసలు విరగ్గొడుతుంటే నేనే కత్తిరిస్తూ వచ్చాను. మీ బ్యాచ్‌దే ఆరు మీటర్లు.”