పళ్లెం తిరిగివ్వడానికి మూడు వారాలు

రుమేనియాలోని క్లూజ్‌లో మా పై అంతస్తులో ఉండే పెద్దావిడను అందరిలాగే నేనూ ‘తాంతి’ అంటాను, మనం పిన్నిగారూ అన్నట్టు. క్రిస్మస్‌కు ఆవిడ పంపిన పళ్లెంలో పొరలు పొరలుగా, మైసూరుపాకులా ఏటవాలుగా కోసిన ముక్కలున్నాయి. పైన కరకర, లోపల మెత్తన, చివర్లో సన్నని చేదు. పేరు నాపొలితానె. ఖాళీ పళ్లెం తిరిగివ్వకూడదన్నది మా ఇంటి అలవాటు. అవే చేసి ఇద్దామనుకున్నాను.

“సులభమే, రేకులు దుకాణంలో దొరుకుతాయి” అన్నారు తాంతి. ఆ ‘సులభమే’ దగ్గరే మోసపోయాను.

రేకులనగానే పూతరేకులు గుర్తొచ్చాయి గానీ రెండింటికీ పోలిక పేరు వరకే. ఆత్రేయపురం రేకు నోట్లో పెడితే మాయమవుతుంది. ఇది గోధుమపిండితో అచ్చులో కాల్చిన గళ్ల అట్ట, ఐస్‌క్రీమ్ కోనుకు దగ్గరి చుట్టం.

అసలు కథ చక్కెరది. మన పాకంలో నీళ్లుంటాయి, తీగపాకమో ముదురుపాకమో వేళ్లతో చూసుకుంటాం. ఇక్కడ 300 గ్రాముల చక్కెరను ఉత్త గిన్నెలోనే కరిగించాలి. వేలు పెడితే బొబ్బలే కాబట్టి కన్నూ ముక్కే కొలత. తేనెరంగు దాటి ఎర్రబడి, ఘాటైన వాసన మొదలవగానే 200 మిల్లీలీటర్ల వేడిపాలు పోయాలి. పోశాను. బుస్సుమని ఆవిరి లేచింది, కరిగిన చక్కెర కాస్తా రాయిలా బిగిసిపోయింది. పాడైందనుకుని పారబోసి, రెండు రోజులు గిన్నె నానబెట్టాను.

“ఎందుకు పారబోశావు? సన్నమంట మీద ఉంచితే అదే కరిగేది కదా!” అని తాంతి పడీపడీ నవ్వారు.

రెండోసారి నిజంగానే కరిగింది. అందులో 200 గ్రాముల వెన్న, రెండు చెంచాల కోకో, 200 గ్రాముల అక్రోట్ల పొడి, కొంచెం బిస్కెట్ల పొడి, నాలుగు చుక్కల రమ్ము ఎసెన్సు కలిపాను. ఆత్రం కొద్దీ వేడిమీదే పూస్తే రేకులు వానలో తడిసిన అప్పడాల్లా వాలిపోయాయి. మూడోసారి ఫ్రిజ్‌లో పెట్టి మరిచిపోయాను. గట్టిపడిన ముద్దను పూయబోతే రేకు చిట్లింది. చివరికి తెలిసిన కొలత ఇది: ముద్ద పూర్తిగా చల్లారాలి, దోశల పిండికంటే గట్టిగా, గారెల పిండికంటే కాస్త జారుగా ఉండాలి.

అయిదు రేకులు, మధ్య నాలుగు పూతలు. పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచాలి. అయిదు కిలోల బియ్యం సంచి పెడితే నాలుగు వైపులా ముద్ద బయటికొచ్చింది. కంగారుగా సంచి తీసి కూరగాయలు తరిగే పలక, దానిమీద రెండు నిఘంటువులు పెట్టాను. పొద్దున్నే రంపంలాంటి పళ్లున్న కత్తితో నెమ్మదిగా కోశాను. అంచు ముక్కలు పళ్లెం దాకా రాలేదు, దారిలోనే అయిపోయాయి.

తాంతి ఒక ముక్కను పక్కకు తిప్పి పొరలు చూశారు. “1980ల్లో వెన్న కోసం బారులు తీరేవాళ్లం. దొరక్కపోతే మార్గరిన్‌తోనే చేసేవాళ్లం. అక్రోట్లు మా ఊరి చెట్టువి, అవే పరువు నిలిపేవి” అన్నారు.

“మరి ఇవెలా ఉన్నాయి?”

“చక్కెర ఇంకాస్త కాలాలి” అంటూ మూడో ముక్క అందుకున్నారు.