రోజంతా గుణకంతోనే

పొద్దున ట్యుటోరియల్‌లో ఇచ్చిన లెక్క చూడటానికి చిన్నదే. ప్రభుత్వం అదనంగా 100 ఖర్చు పెడితే దేశ ఆదాయం ఎంత పెరుగుతుంది? ఉపాంత వినియోగ ప్రవృత్తి 0.8. అంటే చేతికొచ్చే ప్రతి అదనపు వందలో జనం 80 ఖర్చు పెట్టి 20 దాచుకుంటారు. ఒకరి ఖర్చు ఇంకొకరి ఆదాయం కాబట్టి 100, 80, 64, 51.2 అంటూ తగ్గుతూ పోయి, అన్నీ కూడితే 500 తేలుతుంది. పెట్టిన ఖర్చుకి ఆదాయం ఎన్ని రెట్లు పెరిగిందో చెప్పేదే గుణకం, ఇక్కడ అది 5. వంద పెడితే అయిదొందలు! ఇంత సులువైతే ఇంకా నిరుద్యోగం ఎందుకుందని వెనక బెంచీలోంచి ఒకబ్బాయి అడిగాడు. మేడమ్ నవ్వి, "ముందు రెండో భాగం చెయ్యండి" అన్నారు.

రెండో భాగంలో పన్ను వచ్చిపడింది. ఆదాయంలో నాలుగోవంతు పన్నుకి పోతే మిగిలేది 75, అందులో ఖర్చయ్యేది 60. గుణకం 2.5కి దిగింది. మూడో భాగంలో దిగుమతులు. ప్రతి అదనపు వందలో ఇంకో 10 విదేశీ సరుకుల మీదికి పోతే, లోపల తిరిగేది 50 మాత్రమే. గుణకం 2. పేజీ తిప్పకుండానే 500 కాస్తా 200 అయింది.

నన్నడిగితే దేశం మొత్తం ఆర్థిక వ్యవస్థని చదివే ఈ మాక్రో కోర్సు మొత్తం ఆ 5ని కొంచెం కొంచెంగా కోసేయడమే. 1937లో ఆర్థికవేత్త హిక్స్ ఆదాయాన్నీ వడ్డీనీ కలిపి వేసిన ఐఎస్-ఎల్ఎమ్ బొమ్మ చేసేదీ ఆ పనే. ఆదాయం పెరిగితే డబ్బుకి గిరాకీ పెరుగుతుంది, కేంద్ర బ్యాంకు సరఫరా పెంచకపోతే వడ్డీ పైకి పోతుంది, ప్రైవేటు పెట్టుబడి వెనక్కి తగ్గుతుంది. ఇక దీర్ఘకాలానికి వచ్చేసరికి, మనుషులూ యంత్రాలూ అన్నీ పనిలో ఉంటే, ప్రభుత్వం ఎంత పోసినా పెరిగేవి ధరలే. గుణకం సున్నా. మొదటి పాఠంలో అంత గొప్పగా పరిచయం చేసి, చివరికి ఇలా చేయడం కాస్త అన్యాయమే.

మధ్యాహ్నం లైబ్రరీలో ఆర్థికవేత్త ఫిలిప్స్ చేసిన యంత్రం గురించి చదివాను. 1958లో నిరుద్యోగానికీ వేతనాల పెరుగుదలకీ మధ్య గీత గీసి మనందరికీ పరీక్షల టెన్షన్ పెట్టిన ఫిలిప్సే. న్యూజిలాండ్‌లో పుట్టినవాడు, మొదట చదివింది ఇంజినీరింగ్. 1949లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, మనిషికంటే ఎత్తైన ఒక యంత్రాన్ని నడిపి చూపించాడు. అందులో ఆదాయం అంటే నీళ్లు. పై నుంచి పారుతుంటే దారిలో పన్నులు ఒక పక్కకి, పొదుపు ఇంకో పక్కకి, దిగుమతులు మరో పక్కకి చీలిపోతాయి. ప్రభుత్వ ఖర్చు, పెట్టుబడి, ఎగుమతులు వచ్చి కలుస్తాయి. అడుగుకి చేరినదాన్ని పంపు మళ్లీ పైకి తోడుతుంది. పొద్దున గుణకం కోసం 1ని దేనితో భాగించానో ఆ హారం, 1 – 0.8(1 – 0.25) + 0.1, అక్కడ గొట్టాలై కనబడింది. ఏ కవాటం ఎంత తెరిచారన్నదే గుణకం. సూత్రం బట్టీ పట్టించే బదులు ఆ బొమ్మ ముందు చూపిస్తే ఏం పోయేది?

అలాగని గుణకం ఎప్పుడూ చిన్నదేనని తీర్మానించుకోవడానికీ లేదు. 2008 సంక్షోభం తర్వాత చాలా దేశాల ప్రభుత్వాలు ఒకేసారి ఖర్చులు కోసుకున్నాయి. అప్పటి అంచనాల్లో గుణకం సుమారు 0.5గా ఉండేది. 2012 అక్టోబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) లెక్క సరిచూస్తే అది 0.9కీ 1.7కీ మధ్య ఉందని తేలింది. ఎందుకంటే వడ్డీ రేట్లు అప్పటికే సున్నా దగ్గర ఉన్నాయి, దెబ్బ కాచుకోవడానికి ఇంకా తగ్గించే చోటు లేదు. పొరుగు దేశాలూ కొనడం తగ్గించడంతో ఎగుమతులూ ఆదుకోలేదు. దేశ ఆదాయంలో ఒక శాతమంత ఖర్చు కోస్తే ఆదాయం అర శాతం పడుతుందనుకున్నచోట ఒకటిన్నర శాతం పడితే, ఆ తేడా అంతా పోయిన ఉద్యోగాలే. గుణకం ఎంత అన్న ప్రశ్నకి "ఎప్పుడు, ఎక్కడ" అని ఎదురు ప్రశ్న వేయడం నాకు ఇక్కడే అలవాటైంది.

రాత్రి ముండెల్-ఫ్లెమింగ్ పాఠం, అంటే ఇదే లెక్కని విదేశీ మారకంతో కలిపి చూసేది, తిరగేశాను. పెట్టుబడులు దేశాల మధ్య అడ్డు లేకుండా కదులుతుంటే, మారకపు రేటు స్థిరంగా ఉంచిన దేశంలో ప్రభుత్వ ఖర్చు బాగా పనిచేస్తుందట. ఆ రేటుని మార్కెట్‌కి వదిలేసిన దేశంలో మాత్రం కరెన్సీ బలపడి, ఎగుమతులు దెబ్బతిని, చేసిన ఖర్చుకి ఫలితం లేకుండా పోతుందట. రేపు క్లాసులో దీని మీదే లెక్క. వెనక బెంచీ అబ్బాయి ఈసారి ఏమడుగుతాడో చూడాలి.