కోరాపుట్ కాఫీలో స్ట్రాంగ్ లేదనేవాళ్ళ కోసం

ఒడిశాలో మా రాయగడలో, పక్క జిల్లా కోరాపుట్‌లో పండే కాఫీ పొడి కొన్నవాళ్ళు చాలామంది "ఏటిది, స్ట్రాంగే లేదు" అంటారు, ఆ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. 1930 ప్రాంతంలో జయపురం రాజావారు నాటించిన తోటలతో మొదలైన పంట అది, మంచి అరబికా రకం కాఫీ, కాస్త తెలుసుకుని కాస్తే ఎంత బాగుంటుందో.

మనకి అలవాటైన పాకెట్లలో చికోరీ, అంటే ఒక మొక్క వేరుని వేయించి చేసిన పొడి, ఉంటుంది కదా, 70:30 అంటే 100 గ్రాముల్లో 30 గ్రాములు అసలు కాఫీయే కాదు. డికాక్షన్‌కి ఆ నలుపు, ఆ చిక్కదనం చాలావరకు దాన్నుంచే వస్తాయి, పైగా చికోరీ నీళ్ళని పట్టి ఉంచి నెమ్మదిగా దించుతుంది, కెఫీన్ మాత్రం దాన్లో ఉండదు. చికోరీ లేని పొడిని అదే కొలతతో అదే ఫిల్టర్‌లో వేస్తే నీళ్ళు గబగబా దిగిపోతాయి, మరి పల్చగా రాక ఏమవుద్ది? ఇంకాస్త మెత్తగా ఆడించుకుని, ఒక స్పూను ఎక్కువేసి, పైన బిళ్ళతో సమంగా అదమండి చాలు.

చిక్కదనం వేరు, చేదు వేరు. పొడి బరువులో 18 నుంచి 22 శాతం దాకా నీళ్ళలోకి దిగితే రుచి బాగుంటుందని లెక్క, తక్కువ దిగితే పులుపు, మరీ ఎక్కువ దిగితే చేదు, వగరు. చిక్కదనమేమో ఎంత పొడికి ఎన్ని నీళ్ళు పోశామన్నదాన్ని బట్టి. అందుకే చిక్కగా కావాలంటే పొడి పెంచండి, అదే పొడిని ఇంకా ఇంకా మరిగిస్తే చేదు తప్ప ఏమీ రాదు.

నాకైతే ఈ పొడికి ఫ్రెంచ్ ప్రెస్ (పొడిని వేడినీళ్ళలో నానబెట్టి, జల్లెడని కిందికి నొక్కి వడకట్టే కూజా) అన్నిటికన్నా ఇష్టం. 250 మిల్లీలీటర్లకి 15 గ్రాములు, పొడి రవ్వలా గరుగ్గా, 4 నిమిషాలు, అంతే. జల్లెడ లోహంది కాబట్టి కాఫీలో నూనె కప్పులోకి వచ్చేస్తుంది, నోటికి నిండుగా తగులుతుంది. నీళ్ళు మరిగాక చల్లారాలని ఎక్కువసేపు ఆగొద్దు, కోరాపుట్ లాంటి ఎత్తులో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, దించి వెంటనే పోసేయొచ్చు.

పాలు లేకపోతే కుదరదనేవాళ్ళకి మోకా పాట్ (పొయ్యి మీద పెడితే ఆవిరి ఒత్తిడితో నీళ్ళు పొడిలోంచి పైకెక్కే చిన్న పాత్ర) బెటర్, డికాక్షన్ చిక్కగా వస్తుంది, పాలకి తట్టుకుంటుంది. సిమ్‌లో పెట్టి, గురగుర మనగానే దించేయాలి, లేదంటే మాడు రుచి. ఎండాకాలం అయితే గరుకు పొడిని చల్లనీళ్ళలో రాత్రంతా నానబెట్టి పొద్దున్నే వడకట్టండి, పులుపు బాగా తగ్గి మెత్తగా ఉంటుంది.

కొనేటప్పుడు వీలైతే గింజలే కొనండి, రోస్ట్ చేసిన తేదీ చూసి.