మాటే పరీక్ష

ఇవాళ వార్డులో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు. అయినా రాయాలనిపిస్తోంది. పైచదువుకు సైకియాట్రీ, అంటే మానసిక వైద్యం, తీసుకోవాలా వద్దా అన్న ఊగిసలాట తేలేది ఇలాంటి మామూలు రోజుల్లోనేమో.

ఉదయం కొత్తగా చేరిన ఒక నడివయసు ఆయనతో మాట్లాడే పని నాకు అప్పగించారు. మిగతా విభాగాల్లో స్టెతస్కోపు చెవికి తగిలించుకునేలోగా వివరాలు అడిగేయడం అలవాటు. ఆ తొందర ఇక్కడ చెల్లదు. ఇక్కడ మాటే పరీక్ష. మనిషి ఎలా కూర్చున్నాడు, గొంతు ఎంత మెల్లగా ఉంది, ఒక ఆలోచనకూ ఇంకోదానికీ పొంతన ఉందా, ఎవరూ లేనిచోట మాటలు వినిపిస్తున్నాయా, తనకున్నది జబ్బని తనకు తోస్తోందా, అన్నీ రాయాలి. మూడ్ అన్నచోట మాత్రం మన మాట కాదు, పేషెంటు మాటే రాయాలి. మనసు ఎలా ఉందని అడిగితే ఆయన చాలాసేపటికి, "వానకు ముందు గాలి బిగుసుకుపోయినట్టుంది" అన్నారు. కేస్ షీటులో అంత మంచి వాక్యం నేనింతవరకు రాయలేదు. అదీ నాది కాదు.

చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగడం నాకింకా కష్టమే. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు, పరిశోధనలు మాత్రం ఆ భయాన్ని బలపరచలేదు. సూటిగా అడగాలి, అడిగాక ఆగాలి. ఆ ఆగడం మాకు నేర్పే సైకియాట్రిస్టు మేడమ్ దగ్గర చూడాలి. మరో ప్రశ్న వేసేయాలని నాకు నాలుక దురద పెడుతుంటే, ఆమె కదలకుండా కూర్చుంటారు. అసలు సంగతి అప్పుడు బయటికొస్తుంది.

మధ్యాహ్నం ఓపీకి, మూడ్ విపరీతంగా మారిపోకుండా ఏళ్లుగా లిథియం అనే మందు వాడుతున్న ఒకావిడ చేతులు బాగా వణుకుతున్నాయంటూ వచ్చారు. ఆందోళన అని సరిపెట్టేయొచ్చు. మేడమ్ మోకాళ్ల గురించి అడిగారు! నొప్పులకు ఐబుప్రోఫెన్ వేసుకుంటున్నారట. ఆ మాత్ర మూత్రపిండాల ద్వారా లిథియం బయటికి పోవడాన్ని తగ్గిస్తుంది, దాంతో రక్తంలో పాళ్లు పెరుగుతాయి. మందుకూ విషానికీ మధ్య ఎడం ఇక్కడ చాలా తక్కువ. మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ దాకా ఉంచుతారు, 1.5 దాటితే ప్రమాదం. క్రమం తప్పని పరీక్షకైతే చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు రక్తం తీస్తారు. ఇవాళ అంతసేపు ఆగకుండా అప్పుడే తీసి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్‌కూ పంపాం. మేనియాకు, అంటే మనసు అదుపు తప్పి ఉరకలేసే స్థితికి, లిథియం పనిచేస్తుందని ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ ప్రచురించింది 1949లో. ఎలా పనిచేస్తుందో ఈనాటికీ పూర్తిగా తేలలేదు.

సర్జరీ వైపు వెళ్తున్న స్నేహితుడు భోజనం దగ్గర మళ్లీ మొదలుపెట్టాడు, ఇదీ వైద్యమేనా అని. థైరాయిడ్ తగ్గితే డిప్రెషన్‌లా కనిపించవచ్చు, ముసలివాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే మతి తప్పవచ్చు. శరీరాన్ని మరిచిపోయిన డాక్టరుకు ఇక్కడ చోటు లేదు. అతనన్న ఇంకో మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. అపెండిక్స్ తీసేస్తే అక్కడికి ఆ గొడవ తీరిపోతుంది. డిప్రెషన్ మందు గుణం తెలియడానికి వారాలు పడుతుంది. నాకంత ఓపిక ఉందా?

నన్ను నిజంగా వెనక్కి లాగుతున్నది అది కూడా కాదు. సాయంత్రం ఒక కుర్రవాడు ఇంటికి పంపమని బతిమాలాడు. తనకే జబ్బూ లేదన్నాడు. చట్టం ఒప్పుకున్న మేరకే అతన్ని ఉంచారు, కారణాలన్నీ కాగితం మీద ఉన్నాయి, చదివాను, సబబుగానే ఉన్నాయి. ఆపరేషన్ వద్దని తెలివిలో ఉన్న మనిషి అంటే సర్జన్ కత్తి పక్కన పెడతాడు. ఇక్కడ "వద్దు" అన్న మాటను కూడా తూచి చూడాలి, ఒక్కోసారి కాదనాలి. ఆ అధికారం నా చేతిలో ఉండటం నాకు సమ్మతమేనా? మేడమ్‌ను అడిగితే, అతన్ని ఉంచడం మీద సమీక్ష జరిగేటప్పుడు వచ్చి కూర్చోమన్నారు.

వెళ్తాను. ఎలక్టివ్‌కు, అంటే మేమే ఎంచుకునే పోస్టింగుకు, ఇంకో నెల ఇక్కడే ఇమ్మని దరఖాస్తు కూడా రాశాను. స్నేహితుడికి ఇంకా చెప్పలేదు.